మట్టిలో దొరికిన దుడ్డుకి చింతపండు పెట్టకండి!

ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు, వెండి కుంకుమభరిణె మాసిపోతే విభూతి, రాగిచెంబు కళ తప్పితే ఉప్పూ నిమ్మచెక్కా... ఈ విద్యలు మన ఆడవాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. లోహపు వస్తువన్నాక తళతళలాడితేనే మనకి తృప్తి. కానీ తోమినకొద్దీ విలువ పడిపోయే వస్తువు ఒకటుంది. అదే మట్టిలో దొరికిన పాత నాణెం!

మా కర్నూలు, కడప ప్రాంతాల్లో చేలల్లో నాణేలు దొరకడం కొత్తేమీ కాదు. దొరికినవి తోమేయడం, భయపడి దాచేయడం, చివరికి కరిగించేయడం కూడా కొత్త కాదు. ఇందులో మన ఆడవాళ్లకే ఎక్కువ నష్టం జరుగుతోందంటే ఆశ్చర్యపోతారేమో! ఎలాగో చెబుతాను, చదవండి.

ఇదేం సరదా?

ముప్పై ఏళ్లకు పైగా పాత నాణేలు పోగు చేస్తున్నాను. నేను చదివింది పెద్ద చదువు కాదు, మ్యూజియంలో ఉద్యోగమూ లేదు. వంటా వార్పూ ముగించి, మధ్యాహ్నం పూట భూతద్దం పట్టుకుని కూర్చునే మామూలు గృహిణిని. "బంగారం కొనుక్కోక ఈ తుప్పు దుడ్లతో ఏం పనక్కా?" అని మా వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. ఇప్పుడు వాళ్లే అటక సర్దినప్పుడు దొరికినవి తెచ్చి, "ఇది ఏ కాలందో చూడక్కా" అంటారు.

మా సరుకంతా అత్తగారి పోపులపెట్టెతోనే మొదలైంది. అందులో కానీలు, అర్ధణాలు, బేడలు, పావలాలు ఉండేవి. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైసలు. ఈ లెక్క 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా నడిచింది. నడిమధ్య పెద్ద చిల్లితో ఉండే చిల్లికానీ మీలో చాలామంది చూసే ఉంటారు. యుద్ధకాలంలో రాగి పొదుపు చేయడానికని 1943 నుంచి అలా కొట్టారు. ఆ చిల్లిలోంచి దారం దూర్చి పిల్లల మొలతాడుకి కట్టేవాళ్లు.

విక్టోరియా రాణి వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. మన పెద్దవాళ్లు "తులం" అన్నది సరిగ్గా ఆ ఎత్తే. మీ ఇంట్లో వెండి రూపాయలుంటే వాటి మీది సంవత్సరం చూసుకోండి. 1939 వరకు కొట్టిన రూపాయిలో నూటికి సుమారు 92 పాళ్లు వెండి. 1940 నుంచి 1945 వరకు కొట్టినవాటిలో సగమే వెండి. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అమ్ముకోబోయేటప్పుడు ఈ తేడా తెలియకపోతే అవతలివాడు చెప్పిందే లెక్క అవుతుంది.

మా చేలల్లో ఎందుకు దొరుకుతాయి?

బ్యాంకులు లేని రోజుల్లో భూమే బీరువా. దండు వస్తోందన్నా, కరువుకి ఊరు విడిచి వలస పోవాలన్నా, ఉన్న నాలుగు కాసులూ ముంతలో వేసి ఇంటి మూలనో, చెట్టు మొదట్లోనో పాతేవాళ్లు. తిరిగి వచ్చినవాళ్లు తవ్వుకున్నారు. రానివాళ్ల ముంతలు అక్కడే ఉండిపోయాయి. 1876-78 నాటి మహాకరువు మా జిల్లాలను ఎంతగా పీల్చిందో తలుచుకుంటే, అలా ఉండిపోయిన ముంతలు ఎన్నో అనిపిస్తుంది.

మా మెట్టచేలల్లో తొలకరి వాన పడగానే పైమట్టి కొట్టుకుపోయి, లోపలిది పైకి తేలుతుంది. జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి చుట్టుపక్కల ఏటా ఆ వానలకే జనం వజ్రాల కోసం చేలల్లోకి దిగుతారు. ఆడవాళ్లు కూడా సద్ది కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి, పొద్దస్తమానం వంగి నేల చూస్తూ నడుస్తారు. వజ్రం కోసం వంగిన కంటికి నాణెం తగలడంలో వింతేముంది?

పైగా ఇది ఊరికే వదిలేసిన నేల కాదు. జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటిని బయటపెట్టాడు. మౌర్యుల సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. శాతవాహనుల కాలంలో ఏనుగు, సింహం బొమ్మలతో సీసం నాణేలు కూడా నడిచాయి. పాత కర్నూలు జిల్లా నంద్యాలలోనూ, పాత కడప జిల్లా చెయ్యేటి ఒడ్డున ఉన్న అత్తిరాలలోనూ ఏకంగా రోమన్ నాణేలే దొరికాయి.

రోము ఎక్కడ, రాయలసీమ ఎక్కడ అంటారా? మన మిరియాలు, సన్నబట్టలు, రత్నాలు కొనుక్కుని వాళ్లు బంగారం ఇచ్చేవాళ్లు. తమ ఆడవాళ్ల మోజుల వల్లే సొమ్మంతా తూర్పు దేశాలకి పోతోందని ప్లినీ అనే రోమన్ పండితుడు తెగ సణుక్కున్నాడు. ఏ కాలంలోనైనా ఖర్చుకి ముందు మన పేరే!

విజయనగర రాజుల కాలానికి వస్తే బంగారు వరహా సుమారు 3.4 గ్రాములు. బంగారు పణం మరీ చిన్నది, ఇంచుమించు కందిబద్దంత. వాన వెలిశాక చేలో మెరిసినా, తెలియని కళ్లకి అదేమిటో అంతుపట్టదు.

మన ఊళ్ల పేర్లు మారువేషంలో

నాకు ఈ సరదా మీద మమకారం పెరిగింది ఇక్కడే. మొగలుల నాటి నాణేల మీద పారసీ అక్షరాల్లో "ఇంతియాజ్‌గఢ్" అని ఉంటే అది ఢిల్లీ దగ్గర ఊరనుకునేరు, అది మన ఆదోని! "ఖమర్‌నగర్" అంటే కర్నూలు. "గంజికోట" అంటే గండికోట. పక్కనే ఉన్న గుత్తికి టిప్పు సుల్తాను "ఫైజ్ హిసార్" అని పేరు పెట్టి నాణేలు కొట్టించాడు. కుంఫిణీవాళ్ల రాగి నాణేల్లో కొన్నింటి మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ రాగి దుడ్డు పేరే ఈనాటికీ మా సీమలో డబ్బుకి మిగిలింది. "దుడ్లు ఉండాయా?" అనే కదా అడుగుతాం.

ఇప్పుడు చింతపండు సంగతికి వద్దాం. రాగి నాణెం మీద ఏళ్ల తరబడి పట్టిన ఆకుపచ్చ, గోధుమరంగు పొర మురికి కాదు. అది నాణేనికి చర్మం లాంటిది. సన్నటి గీతలు, అక్షరాలు చాలావరకు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. చింతపండులోని పులుపు ముందుగా దాన్నే తినేస్తుంది. తోమాక నాణెం మెరుస్తుంది నిజమే, కానీ ఊరి పేరు పోతుంది, సంవత్సరం పోతుంది. చివరికి చేతిలో మిగిలేది ఒక రాగిబిళ్ల.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. నాణెం ఏ చేలో, ఎంత లోతులో, ఏ ముంతలో, వేటితో కలిసి దొరికిందో తెలిస్తేనే దాని కథ పూర్తిగా తెలుస్తుంది. బజారులో చేతులు మారిన రోమన్ నాణెం ఒట్టి నాణెమే. నంద్యాలలో దొరికిందని తెలిసిన నాణెం మాత్రం రోము సొమ్ము నంద్యాలదాకా వచ్చిందని సాక్ష్యం చెబుతుంది.

మిషన్ పెట్టి వెతికితే?

లండన్‌లో ఉంటున్న మా మేనల్లుడు సెలవులకి వచ్చినప్పుడు, "అత్తా, ఆడ సెలవు రోజైతే చాలు, మెటల్ డిటెక్టర్లు పట్టుకుని చేలల్లో తిరుగుతారు. నీకూ ఒకటి తెచ్చేదా?" అన్నాడు.

పొడవాటి కర్ర, దాని చివర పళ్లెమంత చక్రం. అదే ఆ మిషన్. చక్రంలోని తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే, కింద నేలలో ఉన్న లోహంలో కూడా చిన్న కరెంటు పుడుతుంది. మన ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె అడుగున పుట్టినట్టే అన్నమాట. ఆ మార్పుని పసిగట్టి మిషన్ కుయ్యిమంటుంది. నాణెమంత చిన్న వస్తువు జానెడు లోతు దాటితే మామూలు మిషన్‌కి అందదు. సీసా మూతకీ, మేకుకీ కూడా కుయ్యిమంటుంది. ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రనేలలో ఊరికే మోగి విసిగిస్తుంది.

అయితే ఆ దేశంలో జరిగిన ఒక కథ మాత్రం చెప్పుకోవాలి. 1992 నవంబరులో హాక్సన్ అనే ఊళ్లో ఒక రైతు సుత్తి పోగొట్టుకున్నాడు. దాన్ని వెతికిపెట్టమని ఎరిక్ లాస్ అనే స్నేహితుణ్ణి పిలిచాడు. మిషన్ మోగింది. చూస్తే సుత్తి కాదు, రోమన్ల నాటి బంగారం, వెండి! ఆయన ఆశకి పోయి అంతా పెళ్లగించలేదు. తవ్వడం ఆపి అధికారులకి కబురు పెట్టాడు. పురావస్తు శాఖవాళ్లు వచ్చి, ఏది ఏ వరసలో ఉందో రాసుకుంటూ తీశారు. సుమారు 15 వేల నాణేలు, నగలు, వెండి చెంచాలు బయటపడ్డాయి. వాటిలో రాణీగారి రూపంలో చేసిన ఒక వెండి మిరియాలబుడ్డి కూడా ఉంది. మిరియాలు పండింది మన దక్షిణ దేశంలోనే కదా! ప్రభుత్వం 17 లక్షల 50 వేల పౌండ్ల బహుమతి ఇచ్చింది. ఆయన దాన్ని ఆ రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

"చూసినావా అత్తా?" అన్నాడు మావాడు. "చూసినాను నాయనా. ఆయన గొప్పదనం మిషన్‌లో లేదు, తవ్వడం ఆపడంలో ఉంది" అన్నాను. మిషన్ వద్దన్నాను. మన దగ్గర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట అనుమతి లేకుండా గునపం వేయడమే నేరం. ఇక చేలో తవ్వితే ఊరంతా గుప్తనిధి అని గోల. ఆ పిచ్చితోనే మా సీమలో ఎన్ని పాడుబడిన గుళ్లలో నందుల్ని పగలగొట్టారో! 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల ఆధ్వర్యంలోనే నిధి కోసం తవ్వకాలు సాగాయి. ఎముకలు, ఇటుకలు దొరికాయే గానీ బంగారు నిధి దొరకలేదు.

దొరికింది ఆమెకి, మిగిలింది ఎవరికి?

మా బంధువుల ఊళ్లో చాలా ఏళ్ల క్రితం జరిగిన సంగతి. వేరుశెనగ చేలో కలుపు తీస్తున్న ఒకామెకి కొడవలి మొనకి ముంత తగిలింది. లోపల చిన్న చిన్న బంగారు నాణేలు. పోలీసులు వస్తారని ఆమెకి భయం. ఆసామికి చెప్పింది. ఆయనా భయపడి, "ఎవరితోనూ అనొద్దు" అన్నాడు. రాత్రికి రాత్రే అవి పట్నంలో కంసాలి మూసలో కరిగిపోయాయి. దొరికిన ఆమె చేతికి వచ్చింది రెండు చీరల డబ్బు! ఏ రాజు నాణేలో, వాటి మీద ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆమెకి చట్టం తెలిసి ఉంటే? 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం, అంటే నిక్షేపాల చట్టం, మన దగ్గర ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాచిన నిధి దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. దొరికినది ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా హామీ ఇవ్వాలి. తర్వాత కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలకి తక్కువ కాకుండా, ఆరు నెలలు మించకుండా ఒక రోజు పెట్టి, హక్కుదారులు ఎవరైనా ఉంటే రమ్మంటారు. వందేళ్ల లోపు దాచినదైతే, దాచినవాళ్ల వారసులు కోర్టుకి వెళ్లే వీలుంది.

ఎవరిదీ కాదని తేలితే ఎవరికి వస్తుందనుకున్నారు? దొరికినవారికే! ఆ స్థలం యజమాని వాటా అడిగితే, ఇద్దరి మధ్యా వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి ముప్పాతిక, యజమానికి పాతిక. చట్టం "దొరికినవారు" అన్నదే గానీ ఆడా మగా, ఆసామీ కూలీ అని విడదీయలేదు. ప్రభుత్వమే ఆ నిధిని ఉంచుకోదలిస్తే, లోహం విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి.

చెప్పకుండా దాస్తే మాత్రం ఆ వాటా పోతుంది. పైగా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే మనవాళ్లు దేనికి భయపడి దాస్తున్నారో, దాచడం వల్లే అది నెత్తిమీదికి వస్తోంది. నెలల తరబడి ఆగాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి, కాదనను. కానీ రెండు చీరలకీ ముప్పాతిక వాటాకీ ఎంత తేడా!

నాణెం కనబడితే ఇలా చేయండి

1. ఒక్క నాణెం కంటే ఎక్కువ కనబడితే ఇంకా తవ్వకండి. ముంత పెంకులు కూడా పారేయకండి. ముంతని బట్టి కూడా కాలం చెప్పగలరు.

2. చేను ఎవరిది, ఏ మూల, ఎంత లోతు, ఏ తేదీ - వెంటనే కాగితం మీద రాసుకోండి. ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీయండి.

3. తోమకండి. చింతపండు, నిమ్మరసం, బూడిద, పాలిష్ ఏదీ తగలనీయకండి. మట్టి అంటుకుని ఉంటే ఉండనీయండి.

4. తహసీల్దారు ఆఫీసులో తెలిపి, కలెక్టరు పేరున అర్జీ ఇవ్వండి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవద్దు. ఆ తేదీ, ఆ ముద్రే మీకు రక్ష.

ఇంట్లో పెద్దలనాటి నాణేలుంటే ఒక్కోదాన్నీ విడిగా పొడి కాగితం కవరులో పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతున్న రాగి నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, తేమ తగలకుండా ఉంచండి. సీసం నాణేన్ని చెక్కపెట్టెలో పెడితే తెల్లగా పొడిబారుతుంది. ఆ పొడి విషం, పిల్లలకి అందనీయకండి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. వందేళ్లు దాటిన నాణేన్ని విదేశాల్లోని బంధువులకి కానుకగా పంపడం కూడా చట్టం ఒప్పదు.

వీళ్లతో జాగ్రత్త!

"బియ్యపు గింజల్ని లాక్కునే నాణెం ఉంది, కోట్లు పలుకుతుంది" అని ఎవరైనా వస్తే గడప దాటనీయకండి. గింజలకి ఇనుపపొడి పట్టించి, నాణెంలో అయస్కాంతం పెట్టి చేసే కనికట్టు అది. బంగారం, వెండి, రాగి, సీసం - ఇవేవీ అయస్కాంతానికి అంటుకోవు. 1818 అనీ, ఈస్టిండియా కంపెనీ అనీ ముద్రించి, హనుమంతుడి బొమ్మో, సీతారాముల బొమ్మో వేసిన బిళ్లలు కూడా కుంఫిణీ నాణేలు కావు. దేవుడి బొమ్మ కాబట్టి దేవుడి గూట్లో పెట్టుకుంటారా, మీ ఇష్టం. లక్షలు మాత్రం పెట్టకండి.

"మీ పాత అయిదు రూపాయల బిళ్లకి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి" అనే ఫోన్లు కూడా ఇలాంటివే. అలాంటి వ్యాపారంతో తమకి సంబంధం లేదనీ, కమీషన్ ఏదీ వసూలు చేయమనీ రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. కమీషన్ కట్టడానికి నల్లపూసలు తాకట్టుకి వెళ్లకుండా చూసుకోవలసింది మనమే.

పిల్లలకి సెలవులొస్తే కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం చూపించండి. ఇంట్లో ఉన్న కానీ మీద పలుచటి కాగితం పరిచి పెన్సిల్‌తో నెమ్మదిగా రుద్దమనండి. బొమ్మ కాగితం మీదికి వస్తుంది, నాణేనికి ఏమీ కాదు. ఖర్చు లేని సరదా!

ఒక్క మనవి. ఇది చదివి పుస్తకం పక్కన పెట్టేయకండి. మీ చేలో కలుపుకి వచ్చే ఆడవాళ్లకీ, వానలకి వజ్రాల వేటకి పోయే మీ ఇరుగుపొరుగు వాళ్లకీ ఆ ముప్పాతిక వాటా సంగతి చెప్పండి. పత్రిక చదివే తీరిక వాళ్లకి ఉండదు. నాణెం తగిలేది మాత్రం ముందుగా వాళ్ల కొడవలికే.